కారు చక్రం కింద ఆకుపచ్చ రాయి

డిసెంబరు సెలవుల్లో పిల్లల్నీ పెద్దల్నీ వెంటేసుకుని పాత కోటలూ గుళ్ళూ చూడాలనుకున్నప్పుడు మనం చేసే మొదటి పొరపాటు, వెళ్ళొచ్చినవాళ్ళని అడగడం. నేను నలుగుర్ని అడిగాను. మా స్కూల్లో సోషల్ చెప్పే టీచరు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని పైన రాసి, కింద ఓ కాగితం నిండా ఊళ్ళ పేర్లు పెట్టిచ్చింది. మా రెండో అంతస్తు ఆయన ఆ కాగితం చూసి, అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవన్నాడు. రాళ్ళు చూడ్డానికే కదా వెళ్ళేది అని వాళ్ళావిడ ఆయన మీద విసుక్కుంది. ఎవరి మాట వినాలో నాకు పాలుపోలేదు.

నాలుగో మనిషి కమ్లి. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర పగలంతా ఆమే ఉంటుంది. వాళ్ళాయన ఎక్కడో కట్టడాల దగ్గర కూలికి పోతాడు. వాళ్ళది దేవరుప్పుల దగ్గర ఓ తండా. రెండేళ్ళ కిందట వానలకి ఇల్లు కూలిపోతే పట్నం వచ్చేశారు. సర్కారు ఇల్లు మంజూరైతే మళ్ళీ వెళ్ళిపోతామని ఆమె చాలాసార్లు చెప్పింది. నేనూ చాలాసార్లు తలూపాను.

"మా తండా పక్కన గుట్ట ఉంది మేడం. మీద పాత గుడి ఉంటది. జర అది చూసి రాండ్రి. నాకు ఫోటోలు పంపుండ్రి," అంది.

అంతకు వారం ముందే ఆమె నన్ను రెండు రోజులు సెలవడిగింది. ఈ ఏడు అపార్ట్‌మెంటుకి నేనే సెక్రటరీని. ఊళ్ళో పనుందంది. సెలవులకి సగం ఫ్లాట్లు ఖాళీ అవుతుంటే గేటు ఎవరు చూస్తారు, జనవరిలో వెళ్ళమన్నాను. సరేనంది. ఏం పని అని నేను అడగలేదు. ఈ ఒక్క ముక్కా ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుందని చెబుతున్నాను.

మొదటి రోజు: జనగామ, దేవరుప్పుల వైపు

శనివారం తెల్లారి బయల్దేరాం. నేను, మా ఆయన మురళి, పదకొండేళ్ళ హాసిని, మా అత్తగారు. మా ఆయన బ్యాంకులో పని చేస్తారు గానీ మనసంతా శాసనాల మీదే. ఏ పాత రాయి కనబడినా దానికో రాజుని అంటగట్టకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

జనగామలో టిఫిను. మా కాకినాడలో పెసరట్టులోకి అల్లం చట్నీ ఎంత వేస్తారో ఇక్కడ ప్రతిదానికీ పల్లీ చట్నీ అంత వేస్తారు. హాసిని మూడుసార్లు వేయించుకుంది. టీ పది రూపాయలు, కప్పు మాత్రం బొటనవేలంత. మా అత్తగారు రెండు కప్పులు తెప్పించి ఒకదాన్లో పోసుకుని తాగారు. హోటలాయన ఆవిణ్ణి చాలా మర్యాదగా చూశాడు.

కమ్లి చెప్పిన గుట్టకి దారి అడిగితే ఒకాయన కుడికి అన్నాడు, ఇంకొకాయన ఎడమకి అన్నాడు. ఇద్దరూ చెప్పింది ఒకే గుట్టే, దానికి రెండు దార్లున్నాయి. పత్తి చేలల్లో ఆడవాళ్ళు పత్తి ఏరుతూ తలెత్తి మా కారు చూశారు. సగం గుట్ట దాకా కారు ఎక్కింది. అక్కడ దిగితే మా కారు హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు, మెల్లగా వెనక్కి జారుతోంది. మా అత్తగారు లోపలే కూర్చుని ఉన్నారు. ఆయన బ్రేకు మీద కాలుపెట్టి, రాయి తీసుకురమ్మని కేకేశారు.

నేను కాలిబాట పక్కకి పరుగెత్తాను. ఓ పెద్ద బండ నీడన చిన్న చిన్న రాళ్ళ దొంతరలు పేర్చి ఉన్నాయి. మూడు, నాలుగు, ఒక్కోచోట ఐదు రాళ్ళు. పిల్లల ఆట అనుకున్నాను. ఒక దొంతర మీద బల్లపరుపుగా, చక్రం కింద పెట్టడానికి కొలిచి చేసినట్టు ఓ రాయి కనిపించింది. ఒక పక్క ఆకుపచ్చగా ఉంది. తీసుకొచ్చి చక్రం కింద తోశాను. కారు ఆగింది.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. తిరుమల కొండమీద మేమూ ఇలాగే రాళ్ళు పేర్చాం, సొంతిల్లు కావాలని. ఆ మరుసటేడే ఈ ఫ్లాటు కొన్నాం. అక్కడ పేర్చినవి మొక్కులు, ఇక్కడ పేర్చినవి పిల్లల ఆటలు అని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియడం లేదు.

గుడి చిన్నది. పైకప్పులో సగం లేదు, నందికి తల లేదు. మా ఆయన పన్నెండో శతాబ్దం అన్నారు, అరగంట తర్వాత పదకొండో శతాబ్దం అన్నారు. అక్కడ మేకలు మేపుతున్న ఓ ముసలాయన మాత్రం మా తాత కాలంనించీ ఇట్లనే ఉంది అన్నాడు. హాసిని ఫోటోలు తీసింది. గుడివి, గుట్టవి, కింద ఆగిన మా కారువి. సాయంత్రం అవన్నీ కమ్లికి పంపేశాను. దిగేటప్పుడు ఆ రాయి భలే కుదిరింది, దారంతా పనికొస్తుందని ఆయన దాన్ని డిక్కీలో వేసుకున్నారు. నేను వద్దనలేదు.

రెండో రోజు: మరిపెడ

టీచరమ్మ కాగితంలో మరిపెడ పక్కన మెట్ల బావి అని ఉంది. ఏ ఊరో రాయడం మరిచిపోయింది. పొద్దుట్నుంచీ మూడు ఊళ్ళు తిరిగాం. ఒక ఊళ్ళో బావి ఉంది, మెట్లు లేవు. రెండో ఊళ్ళో మెట్లున్నాయి, బావి పూడిపోయి దాంట్లో కందిచెట్లు మొలిచాయి. మూడో ఊళ్ళో మెట్ల బావి పేరెత్తగానే అందరూ నవ్వి, పొద్దున మీలాంటివాళ్ళే ఇంకొకరొచ్చారు అన్నారు. వాళ్ళెవరో, వాళ్ళకైనా దొరికిందో లేదో తెలియదు.

మరిపెడలో బ్రేకు బాగుచేయించడానికి ఓ మెకానిక్ దగ్గర ఆగాం. ఖాజా భాయి అని పిలుస్తున్నారు అందరూ. ఇంట్లోవాళ్ళతో వాళ్ళ ఉర్దూలో మాట్లాడతాడు, మాతో తెలుగులో, ఇంజనుతో రెండింట్లోనూ. వాళ్ళావిడ మా అత్తగారిని లోపలికి తీసుకెళ్ళి, పెరట్లో ఎండకి కూర్చోబెట్టి, సకినాలు పెట్టింది. మా వైపు జంతికలకీ వీటికీ తేడా ఏమిటని ఆవిడ అడిగితే, ఇవి నువ్వులేసి చేత్తో చుడతాం, మీవి గిద్దలతో ఒత్తుతారు అని విడమర్చి చెప్పిందట. మా అత్తగారు ఆ చుట్టలు చూసి, ఇంత ఓపిక మనవాళ్ళకి లేదమ్మా అని నాకేసి చూశారు. మనవాళ్ళంటే నేనొక్కదాన్నే అన్నమాట.

ఖాజా భాయి బ్రేకు తీగ బిగించి, చక్రం కింద రాయి తీసి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇగ దీంతోని పని లేదు సార్. యాడికెంచి తెచ్చిండ్రో ఆడనే పెట్టేయండ్రి," అన్నాడు.

అలాగే అన్నాం. మళ్ళీ డిక్కీలోనే వేసుకున్నాం. ఈ యాత్రలో మాకు దొరికిన మంచి సలహా అదొక్కటే.

మూడో రోజు: పాండవుల గుట్టలు, కాటారం

భూపాలపల్లి వైపు అడవి మొదలయ్యేసరికి చలి పెరిగింది. పాండవుల గుట్టలు ఎర్రటి ఇసుకరాతి కొండలు. వాటి కింద నీడ పట్టున, ఎప్పటివాళ్ళో వేసిన బొమ్మలున్నాయి. జంతువులు, మనుషులు, ఏమిటో తెలియని గీతలు. ఎరుపు, తెలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ. నాకు వాటి ముందు నిజంగా ఒళ్ళు జలదరించింది. మా ఆయనకి మాత్రం ఆకుపచ్చ దగ్గర బుర్రలో ఏదో వెలిగింది. కిందికి పరుగున వెళ్ళి డిక్కీలోంచి రాయి పట్టుకొచ్చారు.

అక్కడ కాపలా ఉండే పెద్దాయన మాకు బొమ్మలు చూపిస్తున్నాడు. ఆయన ముందు మా ఆయన పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. ఈ రంగూ ఆ రంగూ ఒకటేనట. దేవరుప్పుల దాకా ఆ మనుషులు వెళ్ళారట. ఇది వేల ఏళ్ళనాటిదట. పెద్దాయన చాలా శ్రద్ధగా విని, చివరికి చేయి చాచాడు.

"అట్లయితే ఇది బయటికి పోవద్దు సార్. పాత రాయి కదా. మీరే చెప్పిండ్రు. అధికారులు వచ్చినప్పుడు చూపిస్త," అని రాయి తీసుకుని తన గదిలో పెట్టేసుకున్నాడు.

ఈ వైపు గుప్త నిధుల కోసం తవ్వేవాళ్ళ భయం ఎక్కువ. డిక్కీలో రాళ్ళేసుకుని తిరిగే కుటుంబాన్ని ఆయన పోలీసులకి చెప్పకపోవడమే గొప్ప. అయినా మా ఆయన గర్వంగానే ఉన్నారు. ఎక్కడి రాయి, ఎక్కడి బొమ్మలు, ఎవరి అధికారులు అని నాకేమీ అర్థం కాలేదు. అలాగే కారెక్కేశాను.

కాటారం సెంటర్లో టీకి ఆగినప్పుడు ఫోనుకి సిగ్నల్ వచ్చింది. కమ్లి తన గొంతు రికార్డు చేసి పంపిన మాట ఒకటి ఉంది. ఫోటోలు బాగున్నాయంటుంది కదా, అందరూ వింటారని పెద్దగా పెట్టాను.

"మేడం, ఫోటోలు ఇప్పుడే చూసిన. గుట్ట మంచిగ కనబడ్డది. గా కారు టైరు కింద ఉన్న రాయి మా ఇంటిది మేడం. ఇల్లు కూలినంక నేనే తీస్కపోయి ఆడ పెట్టిన, మళ్ళ ఇల్లు కావాలెనని. మీరు ఒచ్చేటప్పుడు దాన్ని ఆడనే పెట్టిండ్రు కదా?"

కోపం లేదు ఆ గొంతులో. పెట్టే ఉంటామన్న నమ్మకమే ఉంది. మా ఆయన గ్లాసు కింద పెట్టేసి, బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని చూస్తూ ఉండిపోయారు.

"తిరుమల్లో మనం పేర్చింది ఎవరైనా కారు కింద పెట్టుంటేనో?" అన్నారు మా అత్తగారు.

నేను ఫోనులో ఏదో టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ చేశాను. చివరికి, పెట్టలేదు కమ్లీ, నేనే తీశాను, తెచ్చి ఇస్తాను అని రాశాను. అప్పటికి ఆ రాయి మా దగ్గర లేదు.

నాలుగో రోజు: వెనక్కి

రాత్రి భూపాలపల్లిలో ఉండి, మంగళవారం పొద్దున్నే గుట్టల దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన చలిమంట కాగుతున్నాడు. మా ఆయన నిలబడే మొదలుపెట్టారు. అది పాతది కాదు, మొన్నమొన్నటి సున్నం, మాకు తెలిసినావిడ ఇంటి గోడది, తాను పొరబడ్డానని. పాపం, నిన్న అన్న ప్రతి మాటా ఈరోజు తానే కాదనాల్సి వచ్చింది.

పెద్దాయన అంతా విన్నాడు.

"నిన్న వేల ఏండ్ల రాయి అన్నరు. ఇయ్యాల ఇంటి రాయి అంటున్నరు. నేను ఏది నమ్మాలె సార్?"

న్యాయమైన ప్రశ్నే. నేను గుట్ట పైకి నాలుగడుగులు ఎక్కి, సిగ్నల్ చిక్కించుకుని, కమ్లికి ఫోను కలిపి స్పీకర్ పెట్టాను. పెద్దాయన ఆమెనే అడిగాడు, ఆ రాయి నీదని గుర్తేంది బిడ్డా అని.

"మీద ఆకుపచ్చ సున్నం బాపు. దాని కింద పసుపు రంగు ఉంటది, అది నా పెండ్లికి ఏసింది. దాని కింద నల్లగ పొయ్యి మసి. మా అత్త పొయ్యి ఆ గోడకే ఉండె."

పెద్దాయన గదిలోకి వెళ్ళి రాయి తెచ్చాడు. ఒక మూల పెచ్చు ఊడి ఉంది, బహుశా మా చక్రం కిందే ఊడి ఉంటుంది. అక్కడ గోరుతో గీకాడు. ఆకుపచ్చ కింద పసుపు కనబడింది. ఇంకాస్త గీకితే నల్లగా మసి. మా ఆయన వంగి దాన్ని చాలాసేపు చూశారు. ఆయన జీవితంలో ఒక రాయిని చూసి ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

పెద్దాయన రాయిని తన తువ్వాలతో తుడిచి పాత పేపర్లో చుట్టి, మా ఆయనకివ్వకుండా హాసిని చేతికిచ్చాడు. ఇంటి రాయి మీద చక్రం ఎక్కియ్యొద్దు బిడ్డా, అని మాత్రం అన్నాడు. హాసిని దారంతా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది.

మళ్ళీ గుట్ట దగ్గర

మధ్యాహ్నం దాటాక గుట్ట చేరాం. ఈసారి కారు కిందే ఆపాం. నేను ఆ బండ దగ్గరికి వెళ్ళి చూస్తే దొంతరలు పాతిక దాకా ఉన్నాయి. మొన్న నేను చూసినవి నాలుగో ఐదో. అంటే మొన్న నేను చూడనే లేదన్నమాట. ఏది కమ్లిదో తేల్చుకోలేక మళ్ళీ ఫోను చేశాను. నా చేత్తోనే పెట్టేస్తే పీడా వదులుతుందని లోపల ఆశ.

"మీరు పెట్టకుండ్రి మేడం. మొక్కినోళ్ళే పెట్టాలె. తండాల మా అత్తకియ్యండ్రి, నేను ఒచ్చినప్పుడు పెట్టుకుంట," అంది.

తండాలో వాళ్ళ ఇల్లు తేలిగ్గానే దొరికింది, ఇల్లంటే టార్పాలిన్ పట్టా కప్పిన పాక. పక్కనే కూలిన గోడలు మోకాలెత్తున ఉన్నాయి. అన్నీ అదే ఆకుపచ్చ. మూడు రోజులుగా మేము చూసిన శిథిలాలన్నిటికీ ఎవరో ఒకరు తేదీ చెప్పారు గానీ, దీని తేదీ ఒక్కటే నాకు గట్టిగా తెలుసు.

కమ్లి అత్త మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె, అనపకాయల కూర పెట్టింది. ఆమె తన కోడలితో వాళ్ళ భాషలో ఫోనులో మాట్లాడుతుంటే మాకు ఒక్క ముక్క తెలియలేదు. మా అత్తగారు మాత్రం అర్థమైనట్టు తలూపుతూ కూర్చున్నారు. రాయి ఇచ్చాను. ఆమె దాన్ని పాకలో దేవుడి పటాల కింద పెట్టి వచ్చి, తెలుగులో చెప్పింది. రేపే ఆఫీసోళ్ళు వస్తారట, జాగాలు చూసి పేర్లు రాసుకోవడానికి.

"ఎవరి పేరు మీద ఇల్లో ఆ మనిషే జాగల నిలబడి ఫోటో దిగాలంట. కోడలి పేరు మీద పెట్టినం. రాలేనంటది. ఆడ సెలవు ఇయ్యలేదంట," అంది. నేనెవరో ఆమెకి తెలుసో లేదో, ఆ మొహం చూస్తే చెప్పలేకపోయాను.

ఊళ్ళో పనుంది అన్న మాటకి అర్థం ఇది. రెండు రోజులు ఎందుకో ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. నేను విహారానికి వెళ్తూ, తప్పక వెళ్ళాల్సిన రోజుల్లో ఆమెని గేటుకి కట్టేశాను. పైగా ఆమె చెప్పిన చోటికే వెళ్ళాను, ఆమె ఇంటి రాయినే తొక్కించాను. సిగ్గేసింది. ఇంకో మాట దొరకడం లేదు, సిగ్గే.

లేచి బయటికెళ్ళి కమ్లికి ఫోను చేశాను.

"ఇప్పుడే బయల్దేరు. రాయి నువ్వే పెట్టుకో, ఫోటో దిగి రా. తాళంచెవి ఇస్త్రీ అతనికివ్వు. చీకటి పడేలోగా మేమొచ్చేస్తాం."

"గేటు కాడ ఎవరుంటరు మేడం?"

"నేనుంటాను."

"మీరా?" అంది. ఆ అనుమానానికి ఆమెని తప్పు పట్టలేను.

గేటు దగ్గర

ఈ కథనం గేటు పక్కన కమ్లి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ రెండో రోజు. ఏ పాలవాడు ఏ ఫ్లాటుకో, ఏ కొరియర్ ఎవరికో నాకింకా తికమకే. పొద్దున నలుగురు నన్ను గుర్తుపట్టకుండా హారన్ కొట్టారు. రెండో అంతస్తు ఆయన కారు ఆపి, అక్కడ రాళ్ళు తప్ప ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయనాలో లేవనాలో తేలక గేటు తీశాను.

నిన్న మధ్యాహ్నం కమ్లి రెండు ఫోటోలు పంపింది. ఒకదాంట్లో కూలిన గోడల మధ్య, మంచి చీర కట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. రెండోదాంట్లో బండ నీడన చిన్న దొంతర, దాని మీద ఆకుపచ్చ రాయి, పెచ్చు ఊడిన మూల మన వైపుకి. పేరు రాసుకున్నారట. ఇస్తారో ఇవ్వరో తెలియదట. హాసిని ఆ ఫోటో చూసి, మనం తీయకపోతే పెచ్చు ఊడేది కాదు కదమ్మా అంది. అవునన్నాను.

ఇప్పుడే ఇంకో మాట వచ్చింది. బస్సు జనగామ దాటిందట. పొద్దుగూకేలోపు వచ్చేస్తుందట. చివర్లో ఒక ప్రశ్న కూడా ఉంది.

"నాలుగింటికి నీళ్ళ మోటరు ఏసిండ్రా మేడం?"

ఐదు కావస్తోంది. వెయ్యలేదు. కలం మూసి లేస్తున్నాను.